పాత కారుకు రిమోట్ లాకా, పాసివ్ ఎంట్రీయా?

రిమోట్‌కు బటన్ నొక్కాలి. పాసివ్‌లో ఫాబ్ (తాళంలా పనిచేసే చిన్న రిమోట్) జేబులో ఉంటే చాలు, దగ్గరికి వెళ్లగానే డోర్ లాక్ తెరుచుకుంటుంది.

ఖర్చు: రిమోట్ చవక. పాసివ్‌కు యాంటెన్నాలు, అదనపు వైరింగ్ తోడవుతాయి.

పని: సెంట్రల్ లాకింగ్ లేకపోతే రెండిటికీ ప్రతి డోర్‌లో మోటారు పెట్టాల్సిందే. వైరును డోర్‌కీ, అది బిగించి ఉన్న పిల్లర్‌కీ (బాడీ స్తంభానికీ) మధ్య రబ్బరు గొట్టంలోంచే లాగించండి. బయట వదిలేస్తే డోర్ వేసిన ప్రతిసారీ నలిగి, చివరికి తెగుతుంది.

రిస్క్: రిమోట్‌కు రోలింగ్ కోడ్ (నొక్కిన ప్రతిసారీ మారే కోడ్) తప్పనిసరి. పాసివ్‌లో ఇంట్లో ఉన్న ఫాబ్ సిగ్నల్‌ను దొంగలు రిలే చేసి, అంటే పరికరాలతో కారు దాకా చేరవేసి, కారు తెరవగలరు. నాకు అసలు టెన్షన్ పాసివ్‌తో పాటు పెట్టే పుష్ స్టార్ట్‌తోనే (తాళం తిప్పకుండా బటన్‌తో ఇంజిన్ స్టార్ట్ చేయడం). ఇమ్మొబిలైజర్‌ను (సరైన తాళం చిప్ లేనిదే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని పరికరం) దాటించడానికి, బిగించేవాళ్లు స్పేర్ తాళం చిప్‌ను డ్యాష్‌బోర్డ్ వెనక పెట్టేస్తారు. ఇక రక్షణేముంది?

వారాల తరబడి కదలని కారుకు రిమోటే మేలు; పాసివ్ యూనిట్ ఫాబ్ కోసం వెతుకుతూ బ్యాటరీని తాగేస్తుంది. రోజూ చంటిపిల్లతో, సంచులతో కారెక్కేవారికి పాసివ్ నిజంగా సుఖం, పుష్ స్టార్ట్ జోలికి వెళ్లకుండా.