మారుతీ వ్యాన్ ‘ఫుల్ కిట్’: ఇనుము సరే, రబ్బరుతోనే పేచీ

1984లో వచ్చి, తర్వాత ఓమ్ని పేరుతో 2019 దాకా తయారైన మారుతీ వ్యాన్‌కు సామాను దొరకదన్న బెంగ ఇప్పటికైతే లేదు. వరంగల్ ఆటోనగర్‌లో అడిగినా, హన్మకొండ కౌంటర్లలో అడిగినా ‘ముందు భాగానికి ఫుల్ కిట్ ఉంది, ఒక్కసారే మార్చేయండి’ అని ఒక డబ్బా తీసి పెడతారు. చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్లు, స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే రాడ్డు కొస జాయింట్లు (టై రాడ్ ఎండ్లు), ఆర్మ్ బండికి కలిసేచోట ఉండే రబ్బరు గొట్టాలు (లోయర్ ఆర్మ్ బుష్‌లు), ఆర్మ్‌ను ముందుకు వెనక్కి కదలకుండా పట్టి ఉంచే రాడ్డు రబ్బర్లు, స్టీరింగ్ రాక్ (చక్రాలను మళ్లించే పళ్ల కడ్డీ) మీది రబ్బరు తొడుగులు అంటే బూట్లు, స్ట్రట్ (స్ప్రింగుతో కూడిన షాక్ అబ్జార్బర్) పై కొసను పట్టే మౌంట్లు, అన్నీ జతలు జతలుగా అందులోనే ఉంటాయి. డబ్బా మీద పేరు మారుతుంటది గానీ లోపలి సరుకు తీరు ఒకటే. జెన్యూన్‌వి, అంటే మారుతీ కంపెనీవే, విడివిడిగా కొన్నదానికంటే బాగా తక్కువలో వస్తది కాబట్టి ఇంటి దగ్గర పని చేసుకునేవాళ్లకు ఆశ పుడుతది. ఆ డబ్బాలో ఏది బండికి ఎక్కించొచ్చు, ఏది పక్కన పెట్టాలి అన్నదే ఇక్కడ చెప్పేది.

కొనేముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి. ముందు చక్రం నేల వదిలేలా లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడిందంటే బాల్ జాయింట్ గానీ చక్రం బేరింగ్ గానీ పోయినట్టు. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు మళ్లీ ఊపాలి. ఆట ఆగిపోతే అది బేరింగ్‌ది, కిట్‌తో పోయే రోగం కాదు. అడ్డంగా, ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్ ఎండ్ లేదా రాక్. బండి నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే, ఇంకొకరు ఒక్కో జాయింట్‌ను అరచేత్తో చుట్టి పట్టుకోవాలి. కంటికి కనపడని టక్కుమనే దెబ్బ చేతికి తెలుస్తది. స్టీరింగ్ అంచు దగ్గర ఖాళీ 30 మిల్లీమీటర్లు దాటితే ఎక్కడో ఒకచోట అరుగుదల ఉన్నట్టే. దాన్ని దాచడానికి రాక్ మీది సర్దుబాటు స్క్రూను బిగించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అది తప్పు. రాక్ నడిమి పళ్లు ఎక్కువ అరుగుతాయి, చివరివి కొత్తవాటిలాగే ఉంటాయి. నడుమ ఖాళీ పోయేదాకా బిగిస్తే మూల తిరిగేటప్పుడు రాక్ పట్టేస్తది, స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు.

ఇక డబ్బాలోకి వద్దాం. టై రాడ్ ఎండ్లు చాలావరకు పనికొస్తాయి. చేత్తో స్టడ్‌ను (జాయింట్ నుంచి బయటికి వచ్చే, దారం ఉన్న కడ్డీని) తిప్పితే బిగువుగా, ఒకే తీరుగా కదలాలి. వదులుగా వేలాడితే కొత్తదైనా వద్దు, ఎక్కడైనా గరగరమన్నా వద్దు. ఆ తర్వాత చూడాల్సింది టేపర్, అంటే స్టడ్ సన్నబడుతూ పోయే భాగం. దాని మీద పెన్సిల్‌తో నిలువుగా నాలుగు గీతలు గీసి, నకుల్ (చక్రాన్ని మోసే ముక్క) రంధ్రంలో పెట్టి గట్టిగా నొక్కి కొంచెం తిప్పి తీయాలి. గీతలు పైనుంచి కిందిదాకా చెరిగితే టేపర్ సరిగ్గా కూర్చున్నట్టు. పైనే చెరిగి కింద మిగిలితే ఎంత బిగించినా నాలుగు రోజుల్లో లూజవుతది. దారం సైజు బండి ఏడాదిని బట్టి తేడా రావచ్చు కాబట్టి పాత ముక్కను కవర్‌లో వేసుకుని కౌంటర్‌కు పట్టుకుపోవడమే మంచిది. ఫోన్‌లో ఫొటో చూపిస్తే దారం తెలియదు.

బాల్ జాయింట్‌కు కూడా ఇవే పరీక్షలు, కానీ ఇక్కడ మొహమాటం వద్దు. టై రాడ్ ఎండ్ అరిగితే స్టీరింగ్ లూజవుతది. బాల్ జాయింట్ ఊడితే చక్రమే పక్కకు పడిపోతది. కిట్‌లోది ఇసుమంత అనుమానంగా ఉన్నా జెన్యూన్‌ది గానీ, రానే లాంటి స్టీరింగ్ సామాను చేసే పేరున్న కంపెనీది గానీ తీసుకోవాలి. ఆర్మ్‌తో కలిసే వచ్చే రకం దొరికితే ఇంకా మేలు. ఎన్నో ఏళ్లు తిరిగిన ఆర్మ్ కన్ను (జాయింట్ కూర్చునే రంధ్రం) అప్పటికే సాగి ఉంటది, కొత్త జాయింట్‌ను అందులో ఎంత కొట్టి కూర్చోబెట్టినా పట్టు నిలవదు.

రబ్బరు దగ్గరే ఈ కిట్ ఫెయిల్. మంచి ఆర్మ్ బుష్ అంటే బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో గొట్టం, రెంటికీ నడుమ వేడితో అతికించిన రబ్బరు. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు లోపలి గొట్టం తిరగదు. రబ్బరే మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తది. అంటే అది ఒక చిన్న స్ప్రింగు. డబ్బా కిట్లలో ఎక్కువగా కనపడే బుష్‌కు ఆ అతుకే ఉండదు, రబ్బరు ముక్కను గొట్టంలోకి దూర్చి వదిలేస్తారు. పైకి చూస్తే రెండూ ఒకటే. తేడా పట్టుకోవడానికి బుష్ బయటి గొట్టాన్ని బెంచ్ వైస్‌లో పట్టించి, లోపలి గొట్టంలో బోల్టు వేసి రెండు వైపులా వాషర్లు, నట్‌తో బిగించి, పానాతో కొద్దిగా తిప్పి వదలాలి. బోల్టు తనంతట తాను మొదటి చోటుకు తిరిగొస్తే అది అతికించిన రకం. తిప్పినచోటే ఆగిపోతే దూర్చిన రకం. అలాంటిది వేస్తే మొదటి వానదాకా బాగానే ఉంటది. ఆ తర్వాత బురద నీళ్లు లోపలికి చేరి, గొట్టం రబ్బరులో తిరుగుతూ కీచుమంటూ అరుగుతది. బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు గుంజడం మొదలైందంటే చాలాసార్లు ఇదే కారణం. రాడ్డు చివరి రబ్బర్లను వేళ్లతో మడిచి చూడాలి. మడత మీద వెంట్రుకంత పగుళ్లు కనపడితే అవి షెల్ఫ్ మీదే ముసలివైనట్టు. ఇక్కడి ఎండాకాలంలో, రేకుల షెడ్డు కింద నిల్వ పెట్టిన రబ్బరుకు అది మామూలే.

బుష్‌లు, రాడ్డు రబ్బర్లు మాత్రం జెన్యూన్‌వే విడిగా కొనాలి. రబ్బరుకు బదులు పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ రకం) బుష్‌లు వేస్తే జీవితాంతం ఉంటాయని చెప్పేవాళ్లున్నారు. రేసు ట్రాక్ మీద తిరిగే బండికి అది నిజం కావచ్చు. ఇంజిన్ సీటు కిందనే ఉండి, డ్రైవర్ ముందు చక్రాల మీదనే కూర్చునే ఈ వ్యాన్‌లో ఆ గట్టిదనం నేరుగా నడుముకు తగుల్తది. పైగా అవి గ్రీజు మీద తిరిగే రకం. పరకాల వైపు నల్లరేగడి బురదలో, కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు లేపే దుమ్ములో ఆ గ్రీజు ఎన్నాళ్లు నిలుస్తదో చెప్పనక్కర లేదు.

రాక్ బూట్లు కిట్‌లోవే వేసుకోవచ్చు, క్లిప్పులు మాత్రం మార్చాలి. వాటితో వచ్చే పలుచటి తీగ క్లిప్పు పట్టదు. పాత బూటు చిరిగి ఉంటే కొత్తది తొడిగే ముందు రాక్ బారు మీద గోరు గీసి చూడాలి. తుప్పు గుంతలు తగిలితే కొత్త బూటుతో లాభం లేదు, రాక్‌కే పని ఉంది. స్ట్రట్ మౌంట్ బేరింగ్‌ను వేలితో తిప్పితే నున్నగా పోవాలి. అది పొడిబారితే కూడా స్టీరింగ్ వెనక్కి రాదు, ఆ నింద అలైన్‌మెంట్ మీద పడుతది.

బిగించే పని ఇంటి దగ్గర అవుతది. నేల మాత్రం గట్టి సిమెంటుదై ఉండాలి. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, ముందు భాగం లేపి, రెండు వైపులా స్టాండ్లు వేయాలి. ఇటుకల మీద బండిని నిలపొద్దు. ఇటుక ముందుగా పగులు చూపించదు, ఒక్కసారే నలిగిపోతది. వెనక వైపు లేపినప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే కాబట్టి అవి గాల్లో ఉంటే బండిని ఆపేది ఏదీ ఉండదు.

టై రాడ్ ఎండ్ తీసే ముందు లాక్ నట్ దగ్గర పెయింట్ చుక్క పెట్టి, విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోవాలి. కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. టేపర్ ఊడకపోతే స్టడ్ మీద సుత్తి వేయొద్దు, దారం పాడై నట్టే రాదు. నట్‌ను రెండు చుట్లు వదిలి అలాగే ఉంచి, నకుల్ కన్నుకు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే టప్పుమని వదులుతది. పుల్లర్ ఉంటే ఈ తిప్పలే ఉండవు. బిగించేటప్పుడు కాటర్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్‌ను ఇంకొంచెం బిగించి కలపాలి తప్ప వదులు చేసి కలపకూడదు. పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి.

పాత బుష్ తీయడానికి, కొత్తది ఎక్కించడానికి వైస్, తగిన సైజు సాకెట్లు రెండు చాలు. ఒకటి బుష్ బయటి గొట్టానికి సరిపోయేది, ఇంకోటి ఆర్మ్ కన్ను మీద ఆనేంత పెద్దది. ఎప్పుడూ బయటి గొట్టం మీదే ఒత్తిడి పడాలి. లోపలి గొట్టాన్ని నొక్కితే మనం వెతికి కొన్న ఆ అతుకు అక్కడే చిరుగుతది. జారడానికి సబ్బు నీళ్లు వాడాలి. ఇంజిన్ ఆయిల్ గానీ గ్రీజు గానీ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతది. కొత్త బుష్ చేత్తోనే లోపలికి జారిపోయిందా, బుష్ అయినా తేడా, కన్ను అయినా సాగింది. వెర్నియర్‌తో రెంటినీ కొలిస్తే ఏదో తేలుతది.

అన్నిటికంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఆర్మ్ బోల్టు బిగించే దగ్గర. బండి స్టాండ్ల మీద ఉండగా ఆర్మ్ కిందికి వేలాడుతుంటది. ఆ స్థితిలో బిగిస్తే లోపలి గొట్టం అక్కడే పట్టుబడుతది. కిందికి దించగానే ఆర్మ్ పైకి లేస్తది, రబ్బరు పూర్తిగా మెలిపడి, బండి ఊరికే నిలబడ్డప్పుడు కూడా గుంజుకుని ఉంటది. ఎంత మంచి బుష్ అయినా అలా కొన్ని నెలల్లోనే చిరుగుతది, పైగా ముందు భాగం ఎత్తుగా నిలబడుతది. కాబట్టి బోల్టులు వేసి చేత్తో బిగించి వదిలి, చక్రాలు వేసి, ఒక్కో చక్రం కింద వెడల్పాటి మందపు చెక్కలు పేర్చి బండిని వాటి మీదికి దించాలి. బంపర్ పట్టుకుని నాలుగైదు సార్లు ఊపి, బండి తన ఎత్తుకు వచ్చాక, కిందికి దూరి అప్పుడు ఫైనల్‌గా బిగించాలి. మీరు కాక మెకానిక్‌తో చేయించినా ఈ ఒక్క పని దగ్గర నిలబడి చూడండి.

స్ట్రట్లు కిట్‌లో రావు, విడిగా జతగానే కొనాలి. కొత్తదాన్ని నిలువుగా పట్టుకుని రాడ్‌ను పూర్తిగా నాలుగైదు సార్లు నొక్కి లాగితే లోపలి గాలి పోతది. నొక్కేటప్పుడు నడుమ ఎక్కడైనా ఖాళీగా జారితే వాపసు ఇచ్చేయండి. స్ప్రింగు మార్చడానికి దాన్ని నొక్కి పట్టే పనిముట్లు (స్ప్రింగ్ కంప్రెసర్లు) రెండు ఎదురెదురుగా వేయకుండా పై నట్ విప్పొద్దు. కంప్రెసర్లు లేకపోతే స్ట్రట్లు విప్పి షెడ్డుకు పట్టుకుపోయి అక్కడ మార్పించుకోవాలి. ఈ పని మాత్రం తాళ్లతో, తీగలతో చేసేది కాదు.

వెనక కమాన్ కట్టల సంగతి కిట్‌కు సంబంధం లేనిదే అయినా, ముందు భాగం ఎంత బాగు చేసినా వీటి తేడా స్టీరింగ్‌లో తెలుస్తది. స్కూలు పిల్లలను, ఎనుమాముల మార్కెట్ సరుకును మోసి మోసి కుంగిన బండ్లకు ఒక పట్టీ ఎక్కువ వేయిస్తుంటారు. వెనక భాగం లేస్తది, ముందు చక్రాల క్యాస్టర్ (చక్రం మళ్లే గీత వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతది, స్టీరింగ్ తేలికై స్పీడులో తేలినట్టు అనిపిస్తది. కమాన్ పని చేసేవాళ్లను ముందే అడగాలి, వేడి చేసి వంచుతారా, చల్లగానే కొట్టి వంపు తెస్తారా అని. వేడి చేసి వదిలేసిన పట్టీకి పదును (ఉక్కు బిగువు) పోతది, మళ్లీ కుంగుతది. వేడి చేస్తే మళ్లీ పదును పెట్టేవాళ్ల దగ్గరే చేయించాలి. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు పాతవి వాడొద్దు, ఒకసారి సాగిన దారం రెండోసారి పట్టు ఇవ్వదు.

అలైన్‌మెంట్‌కు పోయినప్పుడు రాక్ బూటు బయటి క్లిప్పు వదులు చేసి టై రాడ్ తిప్పమని చెప్పాలి. లేకపోతే కొత్త బూటు రాడ్డుతో పాటు మెలి తిరిగి మడత దగ్గర చిరుగుతది. సర్దుబాటు రెండు వైపులా సమానంగా చేయించాలి. ఒక్క వైపే తిప్పితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) రీడింగ్ సరిగ్గా చూపిస్తది గానీ స్టీరింగ్ వంకరగా నిలుస్తది, బండి ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ మళ్లుతది. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, ఆర్మ్ బోల్టులు, టై రాడ్ లాక్ నట్లు ఇంకోసారి బిగించి, పెయింట్ చుక్కలు ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసుకోవాలి.