మారాయి, మార్చారు: విమాన వార్తల డెస్కులో ఏఐతో రెండేళ్లు

ఒడిశా కొరాపుట్ జిల్లా జయపురంలో మా ఇంటి మేడగదే నా ఆఫీసు. విమానయాన వార్తలు మాత్రమే ఇచ్చే ఒక చిన్న తెలుగు వెబ్ పత్రికకి ఇక్కణ్ణుంచే డెస్కు చూస్తాను. మిగతా నలుగురూ విశాఖలో ఉంటారు. రెండేళ్లకి పైగా నెలనెలా చందా కట్టి ఏఐ చాట్ వాడుతున్నాం. దాని పేరు రాయడం లేదు. మధ్యలో రెండుసార్లు వేరేవాటికి మారి చూశాం, నేను చెప్పబోయే గుణాలూ దోషాలూ అన్నిటిలోనూ కనిపించాయి.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 171 కూలింది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. నేల మీద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది పోయారు. సరిగ్గా నెలకి, జూలై 12న అర్ధరాత్రి దాటాక, విమాన ప్రమాదాలపై దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఏఏఐబీ ప్రాథమిక నివేదిక బయటికొచ్చింది. 15 పేజీలు. ఆ రాత్రి వానకి మా నెట్టు పోతూ వస్తూ ఉంది. పీడీఎఫ్ దిగీ దిగగానే ఏఐకి ఇచ్చి తెలుగులో సారాంశం అడిగాను. అర నిమిషంలో చక్కటి తెలుగు వచ్చింది. అందులో ఒక వాక్యం ఇది: "గాల్లోకి లేచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లనూ కటాఫ్‌కి మార్చారు."

నివేదికలో అలా లేదు. స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి, సెకను తేడాతో, ఇంధనం అందే రన్ నుంచి అది ఆగే కటాఫ్‌కి మారాయి అనే ఉంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగినట్టు, తాను ఆపలేదని రెండో పైలట్ అన్నట్టు ఉంది. ఎవరు అడిగారో, ఎవరు కాదన్నారో లేదు. తెలుగులో "మారాయి" అంటే జరిగిన సంగతి. "మార్చారు" అంటే వెనక ఒక చెయ్యి ఉంది. శీర్షిక కూడా ఇమ్మంటే ఇంకో అడుగు ముందుకేసి "కెప్టెన్" అన్న మాట చేర్చింది. చదివి ఒళ్లు జలదరించింది. పోయిన మనిషి లేచొచ్చి నేను కాదని చెప్పుకోలేడు. ఆయన ఇంట్లోనూ పేపరు చదివేవాళ్లు ఉంటారు. ప్రమాద దర్యాప్తు ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే తప్ప తప్పు ఎవరిదో తేల్చడం కాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఒప్పందం 13వ అనుబంధం చెబుతుంది. ఆ మాట మీద నిలబడాల్సిన పత్రిక మాది.

ఈ పరికరం స్వభావమే అది. నివేదిక ఖాళీ వదిలినచోట ఇది వాక్యం పూర్తి చేసి పెడుతుంది. అబద్ధం చెప్పాలని కాదు, నిండుగా కనబడాలని. విమాన వార్తల్లో ఆ ఖాళీలే ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం అలాగే ఉండాలి. ఆ రాత్రి నుంచీ కారణం గురించిన ఏ వాక్యమైనా నివేదిక పేజీ పక్కన తెరిచి పెట్టుకుని మేమే రాస్తున్నాం. ఏఐ రాసిన క్రియని అలాగే ఉంచే హక్కు మాలో ఎవరికీ లేదు.

ఇంకో తప్పు మాత్రం అచ్చులోకి వెళ్లిపోయింది. విశాఖ విమానాశ్రయం వాతావరణం చెప్పే మెటార్ సందేశంలో 18వ తేదీ 23.30 అని ఉంది, చివర జెడ్ అక్షరం. అంటే యూటీసీ, ప్రపంచ ప్రామాణిక సమయం. మన టైము రావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. కలిపితే 19వ తేదీ తెల్లవారుజాము ఐదు. ఏఐ దాన్ని "18 రాత్రి పదకొండున్నర" అని విప్పి చెప్పింది, నేను నమ్మి పంపేశాను. పొగమంచు వల్ల ఆలస్యమైన విమానం కథలో పొగమంచే ముందు రాత్రికి జరిగిపోయింది. విశాఖ నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేసి చెప్పేదాకా మాకు తెలీదు. సవరణ వేశాం, తప్పు ఎలా జరిగిందో కూడా అందులో రాశాం.

మాటల సంగతి వేరే. పక్షి విమానానికి తగలడాన్ని, అంటే బర్డ్ స్ట్రైక్‌ని "పక్షి దాడి" అంటుంది. స్టాల్ అయిందంటే "ఇంజిన్ ఆగిపోయింది" అంటుంది. మా జిల్లా సునాబెడలో విమాన ఇంజిన్లు తయారుచేసే హెచ్‌ఏఎల్‌లో మిగ్-21 ఇంజిన్ల మీద పనిచేసి రిటైరైన మావయ్యగారు ఒకరు మా వీధిలోనే ఉంటారు. ఆయనకి చూపిస్తే, "రెక్క గాలి మీద పట్టు తప్పడం స్టాలంటే. ఇంజిన్ నిక్షేపంగా తిరుగుతూనే ఉంటుందమ్మా. కంప్రెసర్ స్టాలంటే అది వేరే కథ" అన్నారు. మా పదపట్టిక ఆ రోజే మొదలైంది. ఇప్పుడు రెండొందల పైచిలుకు మాటలున్నాయి. ప్రతి పనికి ముందు దాన్ని ఏఐకి అతికిస్తాం, అప్పుడు చాలావరకు దారిలో ఉంటుంది.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వాయుసేన వీడ్కోలు పలికినప్పుడు ఆ మావయ్యగారితోనే గంటన్నర మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేశాను. ఏఐకి ఇచ్చి టైపు చేయిద్దామనుకుంటుండగా, "ఈ మాటలన్నీ ఎక్కడికి పోతాయమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రక్షణ కర్మాగారంలో బతుకంతా పనిచేసిన మనిషి గొంతు ఎవరి సర్వర్లో కూర్చుంటుందో తెలియకుండా పంపడం నాకు మనసొప్పలేదు. మూడు రాత్రులు కూర్చుని చేత్తోనే రాసుకున్నాను. మనుషులు నమ్మి ఇచ్చిన రికార్డులు, కాగితాలు ఇప్పుడు దాని దగ్గరికి వెళ్లవు. ప్రమాద దృశ్యాల బొమ్మలు దానితో గీయించడం మొదటినుంచీ లేదు.

ఇంత చెప్పాక కూడా ఎందుకు వాడుతున్నానంటే, చదవడంలో అది నిజంగా గట్టిది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పాతదీ కొత్తదీ పక్కపక్కన ఇచ్చి ఏ పేరాలో ఏం మారిందో చూపమంటే, పేజీ నంబరుతో సహా చూపిస్తుంది. పూటంతా పట్టే పని అరగంటకొచ్చింది. ఆ పేజీ నేను తెరిచి చూస్తాను, అదీ ఆ అరగంటలోదే. నేను రాసిన కాపీలో లెక్కల తప్పులు వెతకమన్నా పనికొస్తుంది. 2024 సెప్టెంబర్లో సుఖోయ్‌ల కోసం 240 ఇంజిన్లు, 26 వేల కోట్ల పైచిలుకు రూపాయల ఒప్పందం మా సునాబెడకి వచ్చిన వార్తలో నేను తొందర్లో 240 విమానాలని టైపు చేసేస్తే, పట్టుకున్నది అదే.

అనువాదానికి ఏఐ సాయం తీసుకున్న కథనం కింద ఆ సంగతి ఒక వాక్యంలో రాస్తాం, దాన్ని సరిచూసిన మనిషి పేరుతో. మొదట్లో చదివేవాళ్లు తగ్గుతారేమోనని భయపడ్డాం. ఇప్పుడు తప్పు దొరికితే నేరుగా ఆ పేరుకే ఉత్తరం రాస్తున్నారు.

డెస్కులో విమానాల భాష తెలిసిన మనిషి ఒక్కరైనా లేకపోతే మాత్రం ఇది కొనకండి. మా చందా ఈ నెలాఖరుకి అయిపోతుంది, మళ్లీ కడుతున్నాను.