పాత పేరు, కొత్త వాల్వు: ఏది మేలు?

మా ఇంట్లోని వాల్వు ఆంప్లిఫయరు, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేది, చిటపటలాడడం మొదలుపెట్టింది. వాల్వులు అటూ ఇటూ మార్చి చూస్తే దోషం ముందు దశలోని ఈసీసీ83 రకం వాల్వుది అని తేలింది. అమెరికావాళ్లు 12ఏఎక్స్7 అనేది దీన్నే. కొత్తదాని కోసం వెతికితే ముందుగా కనిపించింది మల్లార్డ్ బ్రాండుది. పెట్టె మీద పాత ముద్రే, పాత అక్షరాలే. తిప్పి చూస్తే మాత్రం రష్యాలో తయారీ.

అసలు మల్లార్డ్ ఇంగ్లండ్‌ది. బ్లాక్‌బర్న్‌లో పెద్ద కర్మాగారం ఉండేది. ఆ పేరు ఇప్పుడు న్యూయార్క్‌లోని న్యూ సెన్సర్ కంపెనీ చేతిలో ఉంది. వాల్వులు తయారయ్యేది వోల్గా ఒడ్డున సరాతొవ్‌లో. టంగ్‌సోల్, జెనలెక్స్ గోల్డ్ లయన్, సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మోనిక్స్ బ్రాండ్లు కూడా అక్కడివే. ఒకే వంటశాల నుంచి అయిదు హోటళ్ల పేర్లతో భోజనం వస్తున్నట్టు! వంటకాలన్నీ ఒకటే అనడం అన్యాయం. గాజు లోపల ఉండే ప్లేటు అనే లోహపు రేకు పొడవు, లోపలి అమరిక రకాన్ని బట్టి మారతాయి. కానీ బ్లాక్‌బర్న్ రుచి కోసమే ఎక్కువ డబ్బు పెడుతున్నానని అనుకుంటే మోసపోయినట్టే.

మరి అసలైన పాతదే కొంటే? మంచిది దొరికితే దానికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. చిక్కంతా ఆ దొరకడంలోనే ఉంది. పాత మల్లార్డ్ గాజు మీద, అడుగున పిన్నులకు కాస్త పైన, మసక బూడిద రంగులో రెండు వరుసల సంకేతం చెక్కి ఉంటుంది. టార్చి వెలుగులో వాల్వును ఏటవాలుగా తిప్పితేనే కనబడుతుంది. రెండో వరుసలో బీ5కే2 అని ఉందనుకోండి. బీ అంటే బ్లాక్‌బర్న్, 5 అంటే 5తో ముగిసే సంవత్సరం, కే అంటే నవంబరు, 2 అంటే రెండో వారం. పైన ఉండే తెల్లరంగు ముద్ర అసలు వాల్వుల మీదైతే బొటనవేలితో రుద్దితేనే చెరిగిపోతుంది. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో కొన్న ‘పాత ఇంగ్లండ్ సరుకు’ మీద ముద్ర నిన్న వేసినంత తాజాగా ఉంది, గాజు మీద సంకేతం మాత్రం లేదు. అమ్మినవారు మళ్లీ జవాబివ్వలేదు.

స్లొవేకియాలోని జేజే కంపెనీ తన వాల్వులు తన పేరుతోనే అమ్ముకుంటుంది. వాళ్ల ఈసీసీ83ఎస్ ప్లేట్లు పొట్టివి. పొట్టి ప్లేటు అదురుకు తక్కువ లొంగుతుంది. ఆంప్లిఫయరు వేసి, పెన్సిల్ రబ్బరుతో వాల్వును మెల్లగా తడితే స్పీకరులో టంగుమంటుందో లేదో తెలుస్తుంది. రికార్డు ప్లేయరు సంకేతాన్ని పెంచే మొదటి దశలో ఈ గుణమే ముఖ్యం. ఇంకో సంగతి: 2022 మార్చిలో రష్యా ఎగుమతి ఆంక్షలతో సరాతొవ్ సరుకు ఆగిపోతుందని న్యూ సెన్సరే ప్రకటించింది. తర్వాత రావడం మొదలైంది కానీ, అయిదు పేర్లూ ఒకే గడప మీద ఆధారపడ్డాయని అప్పుడే చాలామందికి తెలిసింది.

చివరి దశలో స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వుల లెక్క వేరు. ఈసీసీ83 లోపలి వేడి తీగకు, అంటే హీటరుకు, రెండు వాట్ల లోపే చాలు, కేటీ88 అనే అవుట్‌పుట్ వాల్వు హీటరు ఒక్కటే పది వాట్లు తాగుతుంది. దాని ప్లేటు 30 వాట్లకు పైగా వేడిని భరించాలి. అంత శ్రమ పడేది త్వరగా అరిగిపోతుంది. ఎవరో ఏళ్ల తరబడి వాడేసిన అసలు గోల్డ్ లయన్ జతకు బంగారం ధర పెట్టడం నాకు మింగుడుపడదు. ఇక్కడ మాత్రం కొత్త గోల్డ్ లయన్‌కే నా ఓటు. పేరు చూసి కాదు, ఒకదానికొకటి సరిపోయే జత కొత్తగా దొరుకుతుంది కనుక.

మనకు ఇంకో దారి ఉంది, బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్). ఒకప్పుడు ఫిలిప్స్ సహకారంతో వాల్వులు చేసింది. మల్లార్డ్ కూడా అప్పట్లో ఫిలిప్స్ సంస్థే కాబట్టి ఇవి దూరపు చుట్టాలేమీ కావు. రేడియోల్లో ఈసీసీ83 వాడకం తక్కువ కనుక పాత మెకానిక్కుల డబ్బాల్లో ఇవి అరుదు. దొరికినా ముందు తల భాగం చూడాలి. అక్కడి వెండి పూత పాలలా తెల్లబడితే లోపలికి గాలి చేరినట్టే.

చివరికి నేను కొన్నది జేజే. చిటపటలు పోయాయి. మా ఊరి పాత రేడియో మెకానిక్కు దగ్గర తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటుంది. ఆదివారం వెళ్లి అది కూడా తిరగేయాలి.