మూడు రోజుల పడవ ప్రయాణానికి బాత్ మేలా, స్ట్రాట్‌ఫర్డ్ మేలా?

మే నెలాఖరు సోమవారం సెలవు దగ్గర పడిందంటే ఇంగ్లండ్‌లోని మనవాళ్లు నన్ను అడిగేది ఒకటే. శుక్రవారం సాయంత్రం నారోబోట్, అంటే కాలువల్లో తిరిగే సన్నటి పొడుగు పడవ, అద్దెకు తీసుకుని సోమవారం పొద్దున అప్పగించాలి, ఏ కాలువకు వెళ్లమంటారు? లైసెన్సు అక్కర్లేదనీ, గంటకు నాలుగు మైళ్లు మించకూడదనీ వాళ్లకు తెలుసు.

నేనైతే ముందు లాకులు, అంటే నీటిమట్టం మారే చోట పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు, లెక్కపెడతాను. ధవళేశ్వరం లాకులు చూసినవారికి అదేమిటో చెప్పక్కర్లేదు. కాకపోతే ఈ చిన్న కాలువల మీద తలుపులు తీసే లస్కరు ఉండడు, తలుపులు తోసుకోవలసింది మనమే. మైళ్లూ లాకులూ కూడి మూడుతో భాగిస్తే ఎన్ని గంటలు పడుతుందో వస్తుంది.

బాత్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ దాకా తొమ్మిది మైళ్ల పైచిలుకు, మధ్యలో ఒక్క లాకూ లేదు. అంటే మూడు గంటల పైమాట. లండన్ నుంచి రైల్లో గంటన్నరలో చేరవచ్చు. జాన్ రెన్నీ కట్టిన డండస్ అక్విడక్టు (కాలువను మోసే వంతెన) మీద ఏవన్ నదిని దాటుతుంటే పెద్దవాళ్లు కుర్చీలోంచి లేవకుండానే అంతా చూడవచ్చు. చిక్కల్లా గట్టు పొడవునా కట్టేసి ఉన్న పడవలే. వాటిలో కాపురాలుంటాయి, ప్రతి పడవ దగ్గరా ఇంజను తగ్గించాలి. పైగా చేయడానికి పనేమీ ఉండదు. రెండో రోజు పదింటికల్లా మా బావమరిది ఫోను పట్టుకుని పడక మీద వాలిపోయాడు.

అదే మనిషి మరుసటి ఏడు స్ట్రాట్‌ఫర్డ్ కాలువలో విండ్‌లాస్ (లాకు తూములు ఎత్తే చేతిపిడి) ఎవరికీ ఇవ్వలేదు. వుటన్ వావెన్ అనే ఊరి నుంచి షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌కు ఆరు మైళ్ల పైన, 17 లాకులు. విల్మ్‌కోట్ దగ్గరే వరసగా 11. లాకు వెడల్పు ఏడడుగులు, పడవ ఆరడుగుల పదంగుళాలు. రెండంగుళాల సందులో 15 టన్నులకు పైగా ఉన్న ఇనుమును దూర్చాలి. వెనక తలుపులు మూసి, ముందు తలుపుల తూములు ఎత్తితే నీళ్లు దిగుతాయి, వాటితో పాటు మనమూ దిగుతాం. అప్పుడు పడవ వెనక భాగం తలుపు కిందున్న రాతి గట్టు మీద ఆగితే ముక్కు నీళ్లలోకి వంగిపోతుంది. గోడ మీది తెల్లగీత దాటి ముందుకే ఉండాలి. మా అమ్మాయి పని ఆ గీతను చూస్తూ కేకలు వేయడం.

లాకుల మధ్య ఎడ్‌స్టన్ అక్విడక్టు, 475 అడుగుల ఇనుప తొట్టి. కాలిబాట తొట్టి అడుగు మట్టంలో ఉంటుంది కనుక నడిచేవాళ్ల తలలు మన కాళ్ల దగ్గర కనిపిస్తాయి. చిన్న వంతెనలకైతే నడిమధ్యన చీలిక, పూర్వం పడవను లాగే గుర్రం తాడు విప్పకుండా అందులోంచి జార్చేవారు. శనివారం ఎనిమిది గంటలు కష్టపడితే రాత్రికి నాటకశాల పక్కనే లంగరు. ఆదివారం అదే దారిన పైకి.

వేల్స్‌లోని లంగోలెన్ కాలువ సంగతా? 126 అడుగుల ఎత్తున పాంట్‌కసల్తే అక్విడక్టు, ఒక పక్క కటకటాలే లేకుండా, ఒకసారి చూడాల్సిందే. కానీ వారం సెలవు ఉన్నప్పుడు.

మేం ఐదుగురం కనుక నా ఓటు స్ట్రాట్‌ఫర్డ్‌కు. ఇద్దరే అయితే బాత్‌కే వెళ్లండి. ఒకరు చుక్కాని వదలలేరు, రానూపోనూ 34 లాకుల తలుపులూ రెండోవారే తోయాలి.