ఫుడ్ బ్యాంక్ గోడౌనా, ఆన్‌లైన్ సరుకుల గోడౌనా? ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్ళకి ఏది మేలు?

చెన్నైకి వెళ్ళే గుమ్మిడిపూండి లోకల్ రైల్లో నాతో పాటు వచ్చే తడ అమ్మాయి ఒకామె ఈమధ్యే ఫోర్క్‌లిఫ్ట్ (ముందున్న రెండు ఇనుప ఫోర్క్‌లతో బరువులెత్తే గోడౌన్ బండి) ట్రైనింగ్ పూర్తి చేసింది. చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి రెడ్‌హిల్స్ దాటాక ఉన్న పెద్ద ఆన్‌లైన్ సరుకుల గోడౌన్, రెండోది మాధవరంలో నేను పనిచేసే ఫుడ్ బ్యాంక్ గోడౌన్. "అక్కా, ఎందులో చేరమంటావు?" అని రెండు రోజులుగా అడుగుతోంది. రైల్లో నిలబడి చెప్పేసే సంగతి కాదు, పైగా ఇదే మాట ఇంతకుముందు ఇంకో ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను 2019 నుంచి నాలుగేళ్ళు మొదటి రకం గోడౌన్‌లో బండి నడిపాను, 2023 జూన్ నుంచి రెండో దాంట్లో ఉన్నాను, కాబట్టి రెండు వైపులా చూసి చెప్తున్న మాటే.

ఫుడ్ బ్యాంక్ అనగానే చాలామంది అన్నం వండి పెట్టే చోటనుకుంటారు. మేం వండం. కంపెనీల దగ్గర, సూపర్ మార్కెట్ల దగ్గర, మిల్లుల దగ్గర మిగిలిపోయిన, గడువు దగ్గర పడిన, డబ్బా సొట్టపోయిన మంచి సరుకుని తెచ్చి, వేరుచేసి, హాస్టళ్ళకి, వృద్ధాశ్రమాలకి, వంటశాలలకి పంపిస్తాం. ఈ పద్ధతి 1967లో అమెరికాలో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ ఊళ్ళో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదలుపెట్టాడు. మన దగ్గర మిగులు ఆహారం సేకరించి పంచడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది, అవి 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. గడువు దాటిన సరుకు ఎవరికీ ఇవ్వకూడదు. ఇది ఆఫీసువాళ్ళ గొడవ, బండి నడిపేవాళ్ళకేం సంబంధం అనుకోకండి, మా రోజంతా ఆ తేదీ చుట్టూనే తిరుగుతుంది.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇంటి అద్దె కట్టేది దాంతోనే. పాత చోట మానేసేనాటికి నాకు చేతికి 19,000 వచ్చేది, పండగ సేల్ నెలల్లో ఓటీతో ఇంకో నాలుగు వేలు. ఇక్కడ 16,500తో చేరాను. ఆ తేడా చిన్నది కాదు, మొదటి ఆరు నెలలు మా ఇంట్లో చీటీ కట్టడం ఆపేశాం.

జీతం కంటే పీఎఫ్ దగ్గర ఎక్కువ మంది మోసపోతారు. పది మంది ఉన్న చోట ఈఎస్‌ఐ ఉండాలి, ఇరవై మంది ఉంటే పీఎఫ్ ఉండాలి. మా ఫుడ్ బ్యాంక్‌లో జీతం తీసుకునేవాళ్ళం 14 మందిమి, మిగతా అంతా వాలంటీర్లు, వాళ్ళు లెక్కలోకి రారు. అందుకని నాకు ఈఎస్‌ఐ ఉంది, పీఎఫ్ లేదు. ఈఎస్‌ఐకి మన వంతు 0.75 శాతమే, నా జీతం మీద నెలకి నూట పాతిక లోపు, దాంతో మా అమ్మ కంటి ఆపరేషన్ అయింది. పెద్ద గోడౌన్‌లో పీఎఫ్ కూడా ఉంటుంది, మన 12 శాతానికి వాళ్ళూ అంతే కట్టాలి. అయితే అక్కడ మనం కంపెనీ మనుషులం కాము, కాంట్రాక్టరు మనుషులం. మా కాంట్రాక్టరు ఒకసారి మూడు నెలలు మా జీతంలో పీఎఫ్ కోసుకుని పీఎఫ్ ఆఫీసులో కట్టలేదు. పాస్‌బుక్ ఫోన్‌లో చూసుకునే అలవాటున్న ఒకబ్బాయి పట్టుకున్నాడు కాబట్టి కట్టించగలిగాం. అక్కడ చేరితే ప్రతి నెలా పాస్‌బుక్ తెరిచి చూసుకోండి, సిగ్గుపడకండి.

ఇక అసలు పని. పెద్ద గోడౌన్‌లో అన్నీ 1200 బై 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క పలకలు), నాలుగు వైపులా స్ట్రెచ్ ఫిల్మ్, అంటే సాగే ప్లాస్టిక్ పొర, చుట్టి వస్తాయి. నేల మీద గీతలుంటాయి, బ్యాటరీ బండ్లు, ఎత్తు ర్యాక్‌లకి ఫోర్క్ ముందుకి చాచే రీచ్ ట్రక్కులు. స్కానర్ ఏ ర్యాక్ అంటే ఆ ర్యాక్‌కి పోవాలి, అంతే. గంటకి ఎన్ని ప్యాలెట్లు దించావో గోడ మీద టీవీలో పేరు పక్కనే కనిపిస్తుంది, అది చూస్తే టెన్షన్. కానీ ఒక మాట చెప్పాలి. చెయ్యి కుదిరేది అక్కడే. ఒకే రకం సరుకు, ఒకే ఎత్తు, రోజుకి వందసార్లు చేస్తే ఫోర్క్ ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. పొద్దున బండి ఎక్కే ముందు టైర్లు, చైను, ఆయిల్ లీకు, బ్రేకు, హారన్ చూసి కాగితం మీద సంతకం పెట్టాలి, పెట్టకపోతే తాళం ఇవ్వరు. ఆ అలవాటు నాకు అక్కడే ఒంటబట్టింది.

ఫుడ్ బ్యాంక్‌లో ఏ రెండు ప్యాలెట్లూ ఒకలా ఉండవు. మూసేస్తున్న ఒక కొట్టు నుంచి ఒకరోజు లారీ వచ్చింది. కింద బిస్కట్ కార్టన్లు, వాటి మీద 15 కిలోల నూనె డబ్బాలు, పైన ఒక్క చుట్టు ఫిల్మ్. నేల మీద నుంచి జానెడు కూడా లేపలేదు, ఆపి చూశాను. ఎడమ పక్క కింది కార్టన్ అంచు మెల్లగా లోపలికి నలుగుతోంది, దాని మీద డబ్బాలు వరసగా నా వైపు వంగుతున్నాయి, ఫిల్మ్ సాగి తెల్లబడుతోంది. మాస్ట్ (ఫోర్క్ పైకీ కిందకీ కదిలే నిలువు స్తంభం) కొంచెం వెనక్కి వంచి, నెమ్మదిగా మళ్ళీ నేలకి దించేశాను. నలుగురం కలిసి డబ్బాలన్నీ చేత్తో కిందకి తీసి, నూనె కింద, బిస్కట్లు పైన పేర్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. పాత చోట అలాంటి లోడు సరుకు దించే డాక్ దగ్గరే వెనక్కి పంపేస్తారు. ఇక్కడ పంపించలేం, ఇచ్చేవాళ్ళు ఊరికే ఇస్తున్నారు.

అందుకే ఇక్కడ బండి ఎంత బరువు మోస్తుందో రాసి ఉండే ప్లేటు చదవడం వచ్చి తీరాలి. 3 టన్నుల బండి అంటే ఎప్పుడూ 3 టన్నులు లేపుతుందని కాదు. ప్లేటు మీద 500 మిల్లీమీటర్లు అని పక్కనే రాసి ఉంటుంది, ఫోర్క్ మొదట్నుంచి సరుకు బరువు మధ్యకి ఉన్న దూరం అది. సరుకు ముందుకి జరిగి ఆ దూరం పెరిగినా, మాస్ట్ ఎత్తు పెరిగినా బండి మోయగలిగే బరువు తగ్గిపోతుంది. నెల్లూరు వైపు నుంచి వచ్చే బియ్యం మూటలు ప్యాలెట్ బయటికి పొడుచుకొచ్చేలా పేరుస్తారు, చూడ్డానికి మామూలుగానే ఉంటాయి, వెనక చక్రాలు తేలికైన సంగతి స్టీరింగ్ చేతికి చెప్తుంది. నాలుగేళ్ళలో నాకు ఈ సంగతి పరీక్షకి చదివిన పాఠంగానే తెలుసు, ఇక్కడికొచ్చాక ఒంటికి తెలిసింది.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. చేరిన మొదటి నెలలో గోధుమపిండి ప్యాలెట్ ఒకటి కింద చెక్క విరిగి ఉందని చూడకుండా ఫోర్క్ దూర్చాను. ఆరు బస్తాలు చిరిగాయి. పిండి పరిచిన నేల మీద టైరు ఎలా జారుతుందో ఆరోజే చూశాను, బ్రేకు వేశాక కూడా బండి మూరెడు ముందుకి పోయింది. ఎవరూ అడ్డం లేరు. మావాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు కానీ, పిండి ఎత్తుతున్న ముసలాయన "ఇది పూందమల్లి హాస్టల్ పిల్లలది తల్లీ" అన్నాడు, ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఇప్పుడు దిగి, వంగి, కింద చెక్క చూడకుండా ఏ ప్యాలెట్టూ ఎత్తను.

ఇంకో పెద్ద తేడా మనుషులు. పెద్ద గోడౌన్‌లో బండి తిరిగే దారిలోకి నడిచేవాళ్ళు రారు. ఇక్కడ శనివారం వస్తే ముప్పై నలభై మంది వాలంటీర్లు, కాలేజీ పిల్లలు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, మంచి మనసుతో వస్తారు, కానీ ఫోన్ చూసుకుంటూ బండి వెనకే నిలబడతారు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది, అంటే మలుపు తిప్పినప్పుడు ముందు కంటే వెనక భాగం బయటికి విసురుతుంది, కారు నడిపేవాళ్ళకి కూడా ఇది తెలియదు. రెండుసార్లు గుండె ఆగినంత పనైంది. గట్టిగా అడిగితే ఇప్పుడు పది నుంచి ఒంటిగంట దాకా వాలంటీర్లున్నంతసేపు బండి తాళం తీసేసి పెడుతున్నాం, దారికి పసుపు తాడు కట్టాం. చేరేముందు ఇది అడగండి. బండీ మనుషులూ ఒకేసారి తిరిగే చోటైతే ఎంత పుణ్యకార్యమైనా వద్దు.

బండి కూడా మాకు దానంగా వచ్చిందే, పాత డీజిల్‌ది. షెడ్డులో పొగ, సీటు బెల్టు తెగి ఉంది. బెల్టు వేయించేదాకా ఎక్కనన్నాను. బండి పక్కకి ఒరిగినప్పుడు దూకేద్దామనిపిస్తుంది, దూకితే బండి పైకప్పు మనమీదే పడుతుంది, బెల్టుతో సీట్లోనే ఉండి స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఒరిగే వైపుకి ఎదురుగా వాలాలి. కిందటేడాది ఒక బ్యాటరీ బండి వచ్చింది, ఛార్జింగ్ అప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి కిటికీ పక్కన పెట్టించాం.

నిజానికి ఫుడ్ బ్యాంక్ పని బండి మీద సగమే. పెద్ద గోడౌన్‌లో ఏ సరుకు ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలుసు. మా దగ్గర బండి నడిపేవాళ్ళకే తెలియాలి. పన్నెండు రోజుల గడువున్న పాలపొడి వచ్చిందంటే దాన్ని ముందు వరసలో పెట్టాలి, దానికోసం వెనకున్న రెండు వరసలు కదపాలి, మధ్యాహ్నం ఐదు రోజుల గడువున్న బ్రెడ్డు వస్తే మళ్ళీ కదపాలి. ముందు వచ్చింది ముందు కాదు, ముందు గడువు తీరేది ముందు. విసుగొస్తుందా అంటే వస్తుంది. కానీ గడువు దాటి పారేసిన కార్టన్ల లెక్క ప్రతి నెలాఖరున బోర్డు మీద రాస్తారు, ఆ అంకె తగ్గితే నాకు కలిగే సంతోషం టీవీలో నా పేరు పక్కన అంకె పెరిగినప్పుడు ఎప్పుడూ కలగలేదు.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. రైళ్ళు లేవు, నేను గోడౌన్‌లోనే మూడు రాత్రులు పడుకున్నాను. నీళ్ళ క్యాన్లు, పాలపొడి, బ్రెడ్డు, రోజుకి పద్నాలుగు గంటలు లోడ్ చేశాం. తడిసిన ర్యాంపు మీద సరుకుతో ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు రివర్సులో, ఎప్పుడూ సరుకు పై వైపే ఉండాలి, ఎంత తొందరున్నా దాన్ని మార్చలేదు. ఆ రోజులకి ఓటీ ఇవ్వలేదు. అడిగితే సేవ కదా అన్నారు. సేవ నేను మనస్ఫూర్తిగానే చేశాను, కానీ జీతానికి పెట్టుకున్న మనిషికి ఎక్కువ గంటలకి ఎక్కువ డబ్బు ఇవ్వాలి, దానం చేసే సంస్థ అయినా సరే. ఈ విషయంలో పెద్ద గోడౌనే నయం, ఓటీ గంట కూడా పోదు.

కోల్డ్ స్టోరేజీ సంగతి కూడా కొందరు అడుగుతారు. మైనస్ 18లో పని, అలవెన్సు బాగుంటుంది, లోపలికీ బయటికీ తిరిగితే అద్దాల మీద మంచు, గుమ్మం దగ్గర నేల మీద ఐసు. నేను వారం రోజులే చేశాను, కీళ్ళు పట్టేశాయి, అంతకంటే చెప్పలేను.

నా తీర్పు ఇది. లైసెన్సు, సర్టిఫికెట్ కొత్తగా వచ్చినవాళ్ళు ముందు రెండేళ్ళు పెద్ద గోడౌన్‌లోనే చెయ్యాలి. సరైన బండి మీద, సరైన దారిలో, సరైన ప్యాలెట్‌తో చెయ్యి కుదరకుండా ఫుడ్ బ్యాంక్‌కి వస్తే ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో దెబ్బ తగులుతుంది. రీచ్ ట్రక్ నేర్చుకునే వీలూ అక్కడే ఉంది, పైకి వెళ్ళే మెట్లూ అక్కడే ఉన్నాయి. రెండు మూడేళ్ళు చేసి, ఇంట్లో ఇంకో జీతం కూడా ఉండి, నైట్ షిఫ్టులతో విసిగినవాళ్ళకి మాత్రం ఫుడ్ బ్యాంక్ మేలు. పొద్దున ఎనిమిదికి వెళ్ళి ఐదుకి బయటపడతాను, మా పాపకి రాత్రి అన్నం నేనే పెడతాను. పాత చోట నైట్ షిఫ్టుకి కంపెనీ క్యాబ్ ఇంటిదాకా వచ్చేది, అది బాగుండేది, కానీ పగలు నిద్రపోయే మనిషికి పాప ఎదుగుదల కనబడదు.

తడ అమ్మాయికి నాన్న తీసుకున్న అప్పు ఇంకా రెండేళ్ళుంది, కాబట్టి తనని పెద్ద గోడౌన్‌కే వెళ్ళమన్నాను. బుధవారం ఇంటర్వ్యూ. మూడు పనులు చెప్పాను. కాంట్రాక్టరు పేరు కాగితం మీద అడిగి తెచ్చుకో, నడపబోయే బండి ప్లేటు ఫోటో తీసుకో, సీట్లో కూర్చుని బెల్టు ఒకసారి లాగి చూడు. సాయంత్రం రైల్లో ఆ ఫోటో చూపిస్తానంది.