గేర్ బండి నేర్చుకోవాలంటే ఈ స్కూల్‌కి వెళ్లొచ్చు

హనుమకొండలో మా ఇంటి దగ్గరి డ్రైవింగ్ స్కూల్లో బైక్ నేర్చుకున్నాను. నేర్పే సార్ మీద నాకు చాలా గౌరవం. మొదట యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. ఫస్ట్ గేర్‌లో, హాఫ్ క్లచ్ మీదే, అంటే క్లచ్ సగమే వదిలి, స్ప్లెండర్‌ని గ్రౌండ్ చుట్టూ నడిపించారు. అది చేతికి వచ్చాక ఎనిమిది ఆకారంలో తిప్పడం పెద్ద కష్టమనిపించలేదు. టెస్ట్‌లో కాలు కింద పెట్టకుండా తిప్పగలిగానంటే ఆ సాధన వల్లే.

ఆఫీసులో కూర్చునే అతను మాత్రం "ఆడవాళ్లకు స్కూటీ లైసెన్స్ చాలు కదా మేడమ్" అన్నాడు. అలా చెప్పకూడదు. లైసెన్స్‌లో గేర్ లేని బండ్ల క్లాస్ (రకం) తీసుకుంటే యాక్టివా, జూపిటర్, ఎలక్ట్రిక్ స్కూటర్ల వరకే. గేర్ క్లాస్ ఉంటే వాటితో పాటు స్ప్లెండర్ నుంచి 650 సీసీ బండి దాకా ఏదైనా నడపొచ్చు. మన దగ్గర సీసీని బట్టి గేర్ బండ్లకు వేరే లైసెన్సులు లేవు. లైసెన్స్ ఫారంలో ఏ క్లాస్‌కి టిక్ పెడుతున్నారో మీరే చూసుకోండి.

ఇంకో మాట, 16 ఏళ్ల పిల్లలకు ఇచ్చే లైసెన్స్ 50 సీసీ లోపు గేర్ లేని బండికే. దాంతో యాక్టివా నడపకూడదు. ఇది సార్ తల్లిదండ్రులకు మొహమాటం లేకుండా చెప్తారు, నాకు బాగా నచ్చింది.

బండి క్లచ్ కాస్త బిగువు. వీలైతే పొద్దున బ్యాచ్ అడగండి, సాయంత్రం గ్రౌండ్ అంతా క్రికెట్ పిల్లలే.