స్నానాలగది నేలకు గులకరాళ్ల టైల్స్ కొనబోతున్నవారికి హెచ్చరిక

షవర్ కింద నేలకు గులకరాళ్ల టైల్స్ వేయించాలని చూస్తున్నవారు దయచేసి ఇది చదివాకే ఆర్డరు ఇవ్వండి. మేము వేయించి పద్నాలుగు నెలలైంది. పోయిన వారం ఆ నేలంతా తవ్వించేశాము.

కొనేముందు మా ఇంట్లో జరిగిన వాదనంతా ఒక్కదాని గురించే. నాలుగైదేళ్లు పోయాక ఇది పాత ఫ్యాషన్‌లా కనబడుతుందేమో అని. ఏటి ఒడ్డున ఎప్పటినుంచో ఉన్న రాళ్లు, వాటికి పాతబడడం ఏమిటని నేను గట్టిగా వాదించి నెగ్గాను. మేము తేల్చుకోవలసిన విషయం అది కాదని ఇప్పుడు తెలిసింది. ఫ్యాషన్ మారడానికి చాలా ముందే ఆ నేల ముసలిదైపోయింది. దాన్ని పాడుచేసింది రాళ్లు కాదు, రాళ్ల మధ్య నింపిన గ్రౌట్, అంటే సందులు పూడ్చే ముద్ద.

కొట్లో షీటు చేతిలోకి తీసుకుని చూసినప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టదు, ఎందుకంటే అందులో గ్రౌట్ ఉండదు. అడుగు పొడవు, అడుగు వెడల్పున్న వల మీద అందంగా అంటించిన రాళ్లే కనబడతాయి. మామూలు టైల్స్ మధ్య గ్రౌట్ అంటే రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని గీత. గులకరాళ్లు గుండ్రంగా ఉండి, ఒకదాన్నొకటి ఎక్కడో ఒక చోట మాత్రమే తాకుతాయి. మిగిలిన సందులన్నీ గ్రౌట్‌తోనే నిండాలి. పని పూర్తయ్యాక చూస్తే మనం కొన్నది రాళ్ల నేలా, సిమెంటు నేలా అన్న అనుమానం వస్తుంది. సిమెంటు గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది. సబ్బు జిడ్డు, ఒంటి నూనె, నీళ్లలోని సున్నం అన్నీ అందులోకే చేరతాయి. మేము ముచ్చటపడి ఎంచుకున్న లేత ఇసుక రంగు ఆరో నెలకల్లా మూలల్లో నల్లబడింది, మధ్యలో పసుపు పచ్చగా మారింది.

నీళ్ల సంగతి ఇంకా బాధ కలిగించింది. షవర్ నేలకు మీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున వాలు ఇవ్వడం మామూలు పద్ధతి. మా మేస్త్రీ అంతే ఇచ్చారు, అందులో ఆయన తప్పు లేదు. నున్నటి టైల్ మీద ఆ వాలు చాలు. ఇక్కడ మాత్రం ప్రతి రాయీ నీటికి అడ్డుకట్టే. రాళ్ల చుట్టూ చిన్న చిన్న గుంటల్లో నీళ్లు నిలిచిపోతాయి. పొద్దున స్నానం చేస్తే సాయంత్రానికి కూడా నేల ఆరేది కాదు. తడి ఆరని చోట పాచి పట్టకుండా ఎలా ఉంటుంది? గుడ్డతో తుడిస్తే పోదు, సందు సందునా చిన్న బ్రష్షుతో రుద్దాలి. వారానికి రెండుసార్లు నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ పని చేశాను.

అమ్మినవారు చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది: సహజమైన రాయి, దీనికి ప్రత్యేకమైన సంరక్షణ ఏమీ అక్కర్లేదు. అది పూర్తిగా తప్పు. సహజమైన రాయి కాబట్టే దానికి సీలర్, అంటే నీళ్లూ మరకలూ లోపలికి ఇంకకుండా పూసే పూత, కావాలి. గ్రౌట్ నింపే ముందు ఒకసారి, నింపాక ఒకసారి, ఆ తరువాత కూడా అరిగినప్పుడల్లా మళ్లీ వేయాలి. మరకల గురించి ఫిర్యాదు చేస్తే ఆమ్లంతో కూడిన ద్రావణం ఒకటి వాడమని వాళ్లే సలహా ఇచ్చారు. మా షీట్లలోని తెల్లరాళ్లు పాలరాయి ముక్కలని మాకు తెలియదు. పాలరాయిని, సున్నపురాయిని ఆమ్లం తినేస్తుంది, సిమెంటు గ్రౌట్‌నూ వదలదు. రెండు వాడకాలకే తెల్లరాళ్లు మెరుపు పోయి గరుకుగా తేలాయి. మీరు కొన్న షీటులోంచి ఒక రాయి ఊడదీసి, కొంచెం గీకి, ఆ చోట ఒక చుక్క వెనిగర్ వేసి చూడండి. బుడగలు వస్తే అలాంటి ద్రావణాలేవీ దాని దగ్గరికి రానివ్వకండి.

మా నాన్నగారి మాట కూడా చెప్పాలి. ఆయనకు డెబ్బై దాటాయి. ఈ రాళ్ల మీద నిలబడితే పాదాలకు మర్దనలా ఉంటుందని కొట్లో అమ్మినవారు అన్నారు. నిజానికి ఆయన ఆ రాళ్ల మీద రెండు నిమిషాలు నిలబడలేకపోయారు, మాకు చెప్పకుండా వేరే స్నానాలగదికి మారిపోయారు. ఆ విషయం నాకు మూడు నెలల తరువాత తెలిసింది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది అదే.

తీయించడం వేయించడం కన్నా కష్టమైంది. ప్రతి రాయీ విడివిడిగా సిమెంటులో కూరుకుపోయి ఉంటుంది. వాటిని పెకలించేటప్పుడు కింద ఉన్న వాటర్ ప్రూఫింగ్ పొర చిరిగిపోయింది. దాన్ని మళ్లీ మొదటినుంచి వేసి, ఇరవై నాలుగు గంటలు నీళ్లు నిలబెట్టి చూశాకే కొత్త టైల్స్ మొదలుపెట్టాము. ఈసారి చిన్న చదరాలు, మెరుపులేనివి, కాలు జారనివి.

అయినా గులకరాళ్ల మీద మనసు పోతే, నీళ్లు నిలవని చోట వేయించుకోండి: గోడ మీద ఒక పట్టీగానో, అద్దం వెనకనో. నేలకే కావాలంటే పైభాగం చదునుగా కోసిన రాళ్లు తీసుకోండి, సిమెంటుది కాకుండా ఎపాక్సీ (ఒక రకం రెసిన్ జిగురు) గ్రౌట్ అడగండి. అది నీళ్లు పీల్చదు, కానీ త్వరగా గట్టిపడుతుంది కనుక చేయి తిరిగిన మేస్త్రీ కావాలి. షీట్ల అంచుల దగ్గర కొన్ని రాళ్లు ఊడదీసి కలిపి పేర్చకపోతే చదరాలు చదరాలుగా అతుకులు కనబడతాయి, ఆ మాట ముందే చెప్పండి. అన్నిటికన్నా ముందు ఒక్క షీటు కొని, పలక మీద అంటించి, మీరు వాడబోయే గ్రౌట్ నింపి, పక్షం రోజులు మీ షవర్ కిందే ఉంచి చూడండి.